రాయి తీశావా?

ఈ తాడు దేనికని అడిగారు కదా... ముందు మీరే చెప్పండి చూద్దాం. మీ నాన్న కారు డిక్కీలో ఒక చెక్క దిమ్మ ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? దానికి తాడు కట్టి, ఆ తాడు రెండో కొసని కారుకే ముడేసి ఉంచుతాడు. ఎందుకంటారు?

దొంగలెత్తుకుపోకుండానా? చెక్క దిమ్మని ఎవరెత్తుకుపోతారే పిచ్చిదానా!

పాత తాడు చివికిపోయింది, అందుకే కొత్తది పేనుతున్నాను. ఇది అయ్యేలోపు చెప్తాను, దగ్గరికి జరగండి. మధ్యలో ప్రశ్నలు వద్దు. భయమేస్తే మాత్రం చెయ్యెత్తండి, ఆపేస్తాను. ఇది నేను చూసింది కాదు, విన్నది. విన్నది విన్నట్టే చెప్తున్నాను.

ఒక ఊరికీ, పెద్దాసుపత్రికీ మధ్య ఒక కొండ దారి ఉండేది. ఆ దారిలో, సగం పైకెక్కాక ఒక మలుపు. దాన్ని ఆవిరి మలుపు అనేవారు. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపడానికి ఎవరికీ గుండె చాలేది కాదు.

ఆవిరి ఏమిటంటారా? ఇంజను నడిస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని లాగడానికి రేడియేటర్‌లో నీళ్ళు తిరుగుతుంటాయి. బాగున్న కారు కొండంతా ఎక్కినా దానికి చెమటైనా పట్టదు. అదే రేడియేటర్ కారిపోతున్న పాత కారనుకోండి — సరిగ్గా ఆ మలుపు దాకా వచ్చి, ఇంక నావల్ల కాదని బుస్సుమంటుంది. చల్లారేదాకా ఆగాలి, నీళ్ళు పోయాలి. మరి ఆ ఎత్తులో కారు వెనక్కి జారదూ? జారకుండా హ్యాండ్‌బ్రేక్ ఉంటుంది. కానీ రేడియేటర్ బాగుచేయించని మనిషి హ్యాండ్‌బ్రేక్ బాగుచేయిస్తాడా! అందుకని పక్కనున్న రాయి ఏదో ఒకటి తెచ్చి వెనక చక్రం కింద పెట్టేవారు.

పగలైతే ఏమీ లేదు. చీకటి పడ్డాకే...

నీళ్ళు పోసి, ఇంజను మళ్ళీ స్టార్ట్ చేసి, కదలబోయే క్షణానికి — వెనకనుంచి ఎవరో కారు మీద తట్టేవారట. తట్టాక ఒక గుసగుస. గొంతు కాదు, ఉత్త గాలి.

"రాయి... తీశావా?"

జవాబిచ్చారో, ఆ దెయ్యం వెనక సీట్లో ఎక్కి కూర్చుంటుందని చెప్పుకునేవారు. తిరిగి చూస్తే మెడ అలాగే ఉండిపోతుందని ఇంకొకరు. అందుకే విన్నవాడెవడూ నోరు విప్పేవాడు కాదు, వెనక్కి చూసేవాడు కాదు. ఒకటే పరుగు. ఎప్పుడైనా తెల్లారేసరికి ఆ మలుపులో ఒక మోటార్‌సైకిలు పడి ఉండేది, పక్కనే మనిషి. "పాపం, జవాబిచ్చుంటాడు" అనుకునేవారు జనం.

ఆ ఊళ్ళో ఒక ఫొటో స్టూడియో ఆయన ఉండేవాడు. అందరూ అతన్ని 'స్టూడియో' అనే పిలిచేవారు. పెళ్ళి ఫొటోలు తీసేవాడు, పోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టిచ్చేవాడు. ఎలా పోయారని మాత్రం ఎవర్నీ అడిగేవాడు కాదు. అడిగితే ఏడుస్తారని.

పెళ్ళాం, కూతురు, అత్తగారు ఇంట్లో ఉన్నారు కదా అని అతను ఒక పాత కారు కొన్నాడు. పైకి మెరుపు, తలుపేస్తే మెత్తటి చప్పుడు... చూసి మురిసిపోయాడు. ఇంటికొచ్చిన వారానికే దాని రోగాలన్నీ ఒక్కొక్కటీ బయటపడ్డాయి. రేడియేటర్ కారేది. హ్యాండ్‌బ్రేక్ లాగితే చెయ్యి భుజం దాకా లేచేది కానీ కారు నిలబడేది కాదు.

"కేబుల్ సాగిపోయింది. రేడియేటర్ అతుకులతో ఆగేది కాదు. రెండూ మార్చాల్సిందే. వాయిదా వెయ్యకు," అన్నాడు మెకానిక్.

"వచ్చే నెల," అన్నాడు స్టూడియో.

ఆ నెల కొత్త సీటు కవర్లు వేయించాడు. ఆ తర్వాతి నెల పాటల పెట్టె పెట్టించాడు.

"కారుకి చీరలు కొంటున్నాడు, మందు మాత్రం పోయించడు," అనేది పెళ్ళాం. డిక్కీ నిండా నీళ్ళ సీసాలు సర్దుతూ, "ఇంటిల్లిపాదీ తాగే నీళ్ళకంటే ఇది తాగేవే ఎక్కువ!" అని సాధించేది. అతను నవ్వేసేవాడు. నవ్వితే పోయే రోగమా అది?

అత్తగారి కంటికి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఎప్పుడో మసకబారిపోయింది. అంటే ఆ కట్టు విప్పేదాకా ఆవిడకి లోకమంతా చెవుల్లోనే. ఆసుపత్రినుంచి ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చే రోజున డాక్టరు ఆలస్యం చేశాడు, బయటపడేసరికే చీకటి పడింది.

బావమరిది, అంటే ఆవిడ కొడుకు, స్కూటర్ మీద వచ్చాడు. "బావా, మీరు పదండి. అమ్మ మందులు తీసుకుని నేను వెనకాలే వస్తాను. చూస్తుండు, నీ డొక్కు కారుకంటే నేనే ముందొస్తాను!"

"ముందా మిణుకు లైటు బాగుచేయించుకోరా," అన్నాడు స్టూడియో.

"వచ్చే నెల బావా," అని కన్ను గీటాడు వాడు.

కొండ మొదలైంది. పెళ్ళాం ముందు సీట్లో, పాప వెనక అమ్మమ్మ ఒళ్ళో నిద్ర.

"ఏవండీ... వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది."

"పైదాకా లాగేస్తుందిలే."

లాగలేదు. మలుపులోకి వచ్చేసరికి ముందు అద్దమంతా తెల్లగా కమ్మేసింది... బుస్సుమంది.

ఆవిరి మలుపు.

స్టూడియో కాలు బ్రేకు మీదే పెట్టి కూర్చున్నాడు. అది తీస్తే కారు జారుతుంది. పెళ్ళామే దిగి, చీకట్లో తడుముకుని, తలకాయంత రాయి ఒకటి తెచ్చి వెనక చక్రం కింద తోసింది. కాలు మెల్లగా తీశాడు. టైరు కరకరమని రాతికి ఆనుకుంది... ఆగింది.

ఉడుకుతున్న రేడియేటర్ మూత తియ్యకూడదు, గుర్తుపెట్టుకోండి, మొహం ఉడికిపోతుంది. కాబట్టి ఆగాలి. ఆగారు. లోయలోంచి గాలి. ఇంజను చల్లారుతూ టిక్... టిక్... అంటోంది.

చివరికి గుడ్డ పట్టుకుని మూత తిప్పి, సీసాలన్నీ ఒంపాడు. చీకట్లో సగం నేలపాలు. ఎక్కాడు. తాళం తిప్పాడు... ఇంజను పలికింది. గేరు వేశాడు —

టక్. టక్.

వెనకనుంచి.

పెళ్ళాం అతని చెయ్యి పట్టేసుకుంది. పక్క అద్దంలో ఏదో తెల్లగా వంగింది. వెనక కిటికీ అద్దం మీద ఒక అరచెయ్యి ఆనింది. ఆ అద్దం అవతలనుంచి, గొంతు లేని మాట...

"రాయి... తీశావా?"

పై ప్రాణాలు పైనే పోయాయి. యాక్సిలరేటర్ నేలకి తొక్కాడు. కారు ఒక్క ఊపున ఎగిరి, మలుపు తిరిగి, కొండెక్కింది. అతను వెనక్కి చూడలేదు.

కొండ పైన చదును వచ్చింది. అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు. పెళ్ళాం కళ్ళు ఇంకా మూసుకునే ఉంది.

అప్పుడు, వెనక సీట్లోంచి, మెల్లగా —

"రాయి తీశావా?"

బ్రేకు మీద నిలబడ్డాడు. "అత్తయ్యగారూ! మీరు కూడానా!"

"రాయి తీశావా బాబూ?" అంది ఆవిడ మళ్ళీ. "ఆ మనిషి అడిగింది నేనూ విన్నాను. కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. దెయ్యానికి ఆయాసం ఎందుకొస్తుంది? మనిషే. మంచి మాటే అడిగాడు."

"పోనివ్వండి. దాటేశాం కదా —"

"మనం దాటేశాం. నడిరోడ్డు మీద రాయి ఉండిపోయింది." ఆవిడ పాప తల మీద చెయ్యి వేసింది. "వెనకాల నా కొడుకు వస్తున్నాడు. వాడి బండికి సరైన లైటు లేదు."

స్టూడియో తలుపు తెరిచి వెనక రోడ్డు వైపు చూశాడు.

తిప్పడానికి అక్కడ చోటు చాలదు. వెనక్కి దించుదామంటే ఆ చీకట్లో పక్కనే లోయ. స్టూడియో టార్చి తీసుకుని దిగాడు. కింద మలుపులో ఆ తెల్లటిది ఉంది. దాని వెనకాలే బావమరిది వస్తున్నాడు. అయినా పరిగెత్తాడు.

సగం దూరం దిగాడో లేదో, కిందనుంచి స్కూటర్ చప్పుడు. ఎత్తెక్కుతూ మూలుగుతోంది. మిణుకు వెలుతురు ఒకటి చెట్ల మధ్య ఊగుతూ వస్తోంది.

"ఆగరా! రాయి! రాయుంది... ఆగు!"

తన బండి మోతలో వాడికేం వినపడుతుంది? వెలుతురు మలుపు తిరిగింది. ఆ ఒక్క క్షణంలో స్టూడియోకి కనపడింది — రోడ్డు మధ్యలో తెల్లచొక్కా మనిషి ఒకడు నేలమీదికి వంగి ఉన్నాడు. రెండు చేతులతో ఏదో ఎత్తుతున్నాడు...

వెలుతురు అడ్డంగా ఊగింది. ఒకటే చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

స్టూడియో చేరేసరికి స్కూటర్ గట్టు పక్కన పడి ఉంది, చక్రం ఇంకా తిరుగుతోంది. బావమరిది దూరంగా రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు చీరుకుపోయాయి, అంతే.

"బావా... కనపడలేదు బావా. లైటు... లైటు చాల్లేదు కదా..." అదే మాట, మళ్ళీ మళ్ళీ.

ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కన కర్ర. రాతిని మాత్రం వదల్లేదు, పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు గుండెకి హత్తుకుని ఉన్నాడు. స్టూడియో టార్చి మొహం మీద వేశాడు... చెయ్యి దించేశాడు.

తెలిసిన మొహం. ఒకసారి షాపుకి వచ్చాడు. గొంతుకి ఆపరేషన్ అయి, ఉత్త గాలే మాటగా మిగిలిన మనిషి. ఏం చెప్పినా చెవి పెట్టి వినాలి. కుర్రవాడి ఫొటో ఒకటి ఇచ్చి, "మా అబ్బాయి, పెద్దది చెయ్యి" అన్నాడు. ఎలా పోయాడని స్టూడియో అడగలేదు.

అడిగి ఉంటే చెప్పేవాడు. ఆ మలుపులోనే, ఎవరో వదిలేసి వెళ్ళిన రాయి తగిలి మోటార్‌సైకిల్ మీదనుంచి పడ్డాడని చెప్పేవాడు.

ముసలాయన పెదాలు కదిలాయి. స్టూడియో చెవి ఆనించాడు.

"రాయి... తీశావా?"

ఆ ప్రశ్నకి అంతవరకూ ఒక్కరూ జవాబిచ్చింది లేదు.

స్టూడియో ఆయన చేతుల్లోంచి రాతిని తీసుకున్నాడు. "తీశానండీ," అన్నాడు. "తీశాను."

"సరే..." అన్నాడు ముసలాయన.

అంతే. ఆసుపత్రికి తీసుకెళ్ళే పని లేకపోయింది.

తెల్లారాక చూస్తే, గట్టు వెనక పొదల చాటున రాళ్ళు. ఒకదాని మీద ఒకటి, పొందికగా, చిన్న గోడంత. ప్రతి రాయికీ ఒక పక్క టైరు రాసుకున్న నలుపు. రోజూ చీకటి పడేసరికి కొండ కిందనుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చి, వదిలేసిన రాళ్ళు ఏరేవాడన్నమాట. ఎవరైనా ఆగి ఉంటే గుర్తుచేసేవాడు. గుర్తుచేస్తే భయపడి పారిపోయేవారు. పారిపోతే రాయి ఉండిపోయేది. చీకట్లో తడుముకుని వెతికి ఆయన ఎత్తేలోపు వెనక బండి వచ్చేసిందా... ఆ నింద మళ్ళీ దెయ్యానికే. అర్థమైందా?

స్టూడియో ఆ రోజే కారుని మెకానిక్ దగ్గర పెట్టాడు. పాత కేబుల్ విప్పి అరచేతిలో పెట్టాడు మెకానిక్. ఒక్క పోగు మీద వేలాడుతోంది. బావమరిది తన స్కూటర్ లైటు తనే మార్చుకున్నాడు, కానీ చీకటి పడ్డాక ఆ బండి ఎక్కడం మాత్రం మానేశాడు. ఆ తర్వాత స్టూడియో వడ్రంగి దగ్గర ఒక దిమ్మ చెక్కించి, తాడు కట్టి, రెండో కొస కారుకే ముడేశాడు. మనిషి మరిచిపోయి కదిలినా దిమ్మ కారు వెంటే ఈడ్చుకుంటూ వచ్చేస్తుంది. అతన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు... అలా ఆ చుట్టుపక్కలంతా పాకింది.

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత అతని కారు ఆ మలుపులో ఎప్పుడూ ఆగలేదు. అయినా రాత్రిపూట అటు వెళ్ళినప్పుడల్లా, మలుపు దగ్గర వేగం తగ్గించి, తనలో తాను "తీశాను" అనుకునేవాడు. ఆ ముసలాయన ఆఖరిమాట ఏమిటో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బావమరిదికీ తెలీదు, వాడు దూరంగా ఉన్నాడు కదా.

ఒక రాత్రి పాప ఒక్కతే వెనక సీట్లో పడుకుని ఉంది. మలుపు వచ్చింది. "తీశాను," అన్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు నాన్నా?"

"ఎవరితోనూ లేదమ్మా. పడుకో."

కారు మలుపు తిరిగింది.

"మరి... ఇక్కడ నా పక్కన 'సరే' అన్నదెవరు?"

...

ఏం, ఒక్కరూ చెయ్యెత్తలేదే? మాటలు పడిపోయాయా?

సరే, లేవండి. తాడు పేనడం అయింది, ముడెయ్యడమే మిగిలింది. మీ నాన్న తెల్లారకముందే బయల్దేరతానన్నాడు. ఆ టార్చి ఇలా ఇవ్వండి, దిమ్మకి కట్టేసి వస్తాను.