స్వార్త్‌సుండ్ పాయలో మూలుగు

చలికాలం చీకట్లో స్వార్త్‌సుండ్ పాయలోకి పడవ తిప్పే మగాడు మా తీరంలో లేడు. రెండు దీవుల మధ్య సన్నటి పాయ అది, అటూ ఇటూ నిలువు కొండలు. సముద్రంలో పోయి శవం దొరకనివాళ్లంతా అక్కడే చేరతారని, పడవ కింద మూలుగుతారని, బదులు పలికినవాణ్ణి తీసుకుపోతారని పెద్దలు చెప్పేవాళ్లు.

మా ఊరి హల్వర్ వాళ్లన్న ఐలిఫ్ పోయింది ఆ పాయలోనే. చేపల వేటకని వెళ్లాడు. పడవ తిరగబడి దొరికింది... మనిషి దొరకలేదు. శ్మశానంలో అతని పేరున రాయి ఉంది, దాని కింద మాత్రం ఏమీ లేదు. అప్పట్నుంచీ హల్వర్ ఎంత దూరమైనా దీవి చుట్టూ తిరిగి పోయేవాడు గాని పాయ మొహం చూడలేదు.

డిసెంబరులో ఒకనాడు అతని భార్య మరిట్‌కి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లో మంత్రసాని జ్వరంతో మంచాన పడి ఉంది. ఇక మిగిలింది హల్వర్ అత్తగారు పెట్రా. అవతలి దీవిలో ఉంటుంది, ఎంతమందికో పురుడు పోసిన మనిషి. హల్వర్ ఎప్పటిలాగే చుట్టు తిరిగి వెళ్లి ఆవిణ్ణి పడవెక్కించుకున్నాడు. తిరిగొచ్చే వేళకి బయట సముద్రం కొండలెత్తున లేచింది.

మిట్టమధ్యాహ్నం. ఆ నెలల్లో మా ఉత్తరాన సూర్యుడు పైకే రాడు, మధ్యాహ్నమైనా మాకు చీకటే.

“పాయలోంచి పోనీ,” అంది పెట్రా.

“అక్కడొద్దత్తా.”

“నా కూతురు నొప్పులు పడుతుంటే నువ్వు దెయ్యాలకి దారిస్తావా? తిప్పు.”

తిప్పాడు.

లోపలికి రాగానే గాలి ఆగిపోయింది. సగం దూరం పోయారో లేదో, ఇంజను టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. హల్వర్ లాంతరు పట్టుకుని వంగాడు. అప్పుడు...

ఊఁ... ఊఁఊఁ...

కాళ్ల కింద నుంచి. చెవులకంటే ముందు అరికాళ్లకు తెలిసింది. పడవ చెక్కలన్నీ సన్నగా అదురుతున్నాయి. ఆ మూలుగు కిందికి దిగి, మళ్లీ లేచి, చివర్లో ఏడుపులా సాగింది.

“వినపడిందా?” గుసగుసగా అడిగాడు.

“నాకేం చెవుడు లేదు. నీ పని చూడు.”

నీళ్లలో నీలి మిణుకులు. అడుగున ఏదో కదులుతోంది... పడవకంటే పొడుగైనది... ఒంటి చుట్టూ ఆ నీలి వెలుగు రాల్చుకుంటూ పైకి వస్తోంది. పక్కనే ఎవరో బుస్సుమని ఊపిరి వదిలారు — మొహాన వెచ్చటి తడి, కుళ్లు చేపల కంపు.

విచిత్రం, హల్వర్‌కి ఉన్నట్టుండి భయం పోయింది. పడవ అంచు పట్టుకుని నీళ్ల మీదికి ఒరిగాడు.

“అన్నా... నేనే. హల్వర్‌ని.”

మోకాలు అంచు మీదికి చేరింది. వెనక నుంచి పెట్రా అతని బెల్టు రెండు చేతులా పట్టి లాగింది. ఇద్దరూ పడవలో వెల్లకిలా పడ్డారు.

“కళ్లు తెరిచి చూడు, వెర్రివాడా.”

ఆవిడ లాంతరెత్తింది. రెండు బారల దూరంలో నల్లటి వీపు తేలింది... ఆ వెనక చర్చి తలుపంత తోక. నీళ్లు కార్చుకుంటూ లేచి, చప్పుడు లేకుండా మునిగింది. దాని పక్కన ఇంకోటి. చుట్టూ హెర్రింగు చేపలు వెండి రేకుల్లా చెదిరిపోతున్నాయి.

“తిమింగలాలు. చేపల వెంటపడి వచ్చాయి,” అంది పెట్రా. “అది వాటి పాట. చెక్క పడవలో కూర్చుంటే ఒళ్లంతా వినిపిస్తుంది. మా నాన్న చూపించాడు నాకు.”

హల్వర్ నవ్వబోయాడు. ఏడుపొచ్చింది.

“అయితే అన్న ఇక్కడ లేడన్నమాట.”

ముసలావిడ మొహం తుడుచుకోమని తన ఉన్ని చేతి తొడుగు తీసిచ్చింది.

ఇంజను అందుకుంది. వేళకు చేరారు. ఆడపిల్ల, అరచేతిలో పట్టేంత. బతికింది.

ఫిబ్రవరి ఆఖరుకి ఎండ తిరిగొచ్చింది. హెర్రింగు వెళ్లిపోయింది, వెనకే తిమింగలాలూ పోయాయి. పెట్రాని వాళ్ల దీవిలో దింపడానికి హల్వర్ ఈసారి తనంత తానే పాయలోకి తిప్పాడు. నడిమధ్యకు వచ్చాక ఇంజను ఆపేశాడు. పట్టపగలు. నీళ్లు అద్దంలా ఉన్నాయి, పక్షి కూడా లేదు.

“చూశావా, ఏమీ లేదు,” అని నవ్వుతూ పెట్రా పడవ చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

నవ్వు సగంలో ఆగింది. అరచేతి కింద చెక్క సన్నగా అదురుతోంది.

“ఇంజను వెయ్యి అల్లుడూ.”

“ఏమైందత్తా?”

“వెయ్యమన్నానా...”

చెయ్యి చటుక్కున లాక్కుని ఒళ్లో దాచుకుంది. ఒడ్డు చేరేదాకా ఆవిడ దాన్ని బయటికి తియ్యలేదు.