వరుసలోంచి వెనుదిరిగిన చెల్లెలు

పొద్దున్నే పసుపు లోడు బండ్లు మార్కెట్ యార్డు వైపు పోతున్నాయి. సంధ్య వంటింట్లో జొన్నరొట్టెలు కాలుస్తోంది. వాకిట్లో తల్లి భాగ్యవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంధ్యకు మస్కట్‌లో ఉన్న భర్త నరహరితో ఫోను మాట్లాడటం అయిపోయింది. ఇక సంధ్య పనికి బయలుదేరాలి. ఆమె ఆశా కార్యకర్త. ముప్పై దాటిన ఆడవాళ్లను క్యాంపులో గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షకు రమ్మని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం కొంతకాలంగా ఆమెకు పెద్ద పని.

గేటు ముందు ఖాకీ చొక్కా వేసుకున్న ఆడమనిషి ఆగింది. ఆమె రజని, ఆర్మూర్ డిపోలో బస్సు కండక్టరు. సంధ్య చెల్లెలు శైలజ కొన్నేళ్లుగా పెర్కిట్‌లో రజనితోనే ఉంటోంది. స్నేహితులిద్దరూ కిరాయి కలిసొస్తుందని కలిసి ఉంటున్నారని భాగ్యవ్వ వాడకట్టులో చెప్పుకుంటుంది. అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. సంబంధం కుదరబోతున్న రోజున శైలజే చెప్పేసింది, "నాకు మొగడు వద్దు, రజనితోనే బతుకుత" అని. అప్పటి నుంచి ఆ ఇద్దరూ ఈ గడప తొక్కలేదు.

"అక్కా, శైలుకు పానం మంచిగ లేదు," అంది రజని వంటింటి వైపు చూసి, గేటు తీయకుండానే. "నెలసరి కాకున్నా నెత్తురు పోతున్నది. నిన్న లేవబోయి పడిపోయింది. దవాఖానకు పోదామంటే వినదు. నువ్వు జెప్తే వింటదేమోనని వచ్చిన."

భాగ్యవ్వ తల ఎత్తలేదు. "మా పిల్లను మాకు కాకుంట చేసినవ్ గదా. ఇప్పుడు కూడ నువ్వే చూస్కో."

"చూస్కుంటనే ఉన్న అవ్వా. నాతోని కాకనే వచ్చిన."

ఆ గొంతు విని సంధ్య పొయ్యి ఆపేసింది. పెనం మీద రొట్టె అలాగే ఉంది. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

పెర్కిట్‌లో శైలజ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పసుపు వ్యాపారి దుకాణంలో కంప్యూటర్ పని చేసే పిల్ల, ఎప్పుడూ నవ్వుతూ తుళ్లుతూ ఉండేది. ఇప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కను చూసి కళ్లు పక్కకు తిప్పుకుంది.

"దవాఖానకు పోదాం, లే," అంది సంధ్య.

"ఇప్పుడు యాదికొచ్చిన్నా?"

ఆ మాట వెనక ఏముందో సంధ్యకు అప్పుడు అర్థం కాలేదు. రజని ఒక రెక్క, తాను ఒక రెక్క పట్టుకుని ఆటో ఎక్కించారు.

నిజామాబాద్‌లో పరీక్షలు జరిగాయి. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ సంధ్యనూ రజనినీ లోపలికి పిలిచింది.

"గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్. చుట్టుపక్కలకు పాకింది. ఆపరేషన్‌తో పోయే దశ దాటిపోయింది. హైదరాబాద్ తీసుకెళ్లి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాలి, మందులు ఎక్కించాలి. ఆశ వదులుకోవద్దు. కానీ ముందే పరీక్ష చేయించి ఉంటే చిన్న చికిత్సతో పోయేదమ్మా."

సంధ్య ముందుకు వంగింది. "దానికి పెండ్లే కాలేదు మేడం. గీ రోగం ఎట్లొస్తది?"

డాక్టరమ్మ రజని వైపు చూసింది. రజని తల దించుకోకుండా చెప్పింది, "మేమిద్దరం కలిసి ఉంటం మేడం. ఆలుమొగల లెక్క."

"సరే," అంది డాక్టరమ్మ, ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా. "మగవాళ్లతో కాపురం చేస్తేనే వస్తుందనుకోవడం తప్పమ్మా. దీనికి కారణమైన వైరస్ ఆడవాళ్ల మధ్య కూడా సోకుతుంది. మేమేమో పెళ్లయిందా అని అడిగి, కాలేదంటే పంపించేస్తాం. మీలా కలిసి ఉండేవాళ్లేమో ఆ ప్రశ్నకు భయపడి రావడమే మానేస్తారు. రజనిగారూ, మీరు కూడా పరీక్ష చేయించుకోవాలి."

వరండాలో శైలజ బల్ల మీద పడుకుని ఉంది. కబురు విని బస్సులో వచ్చిన భాగ్యవ్వ ఆమె తల దగ్గర కూర్చుని ఉంది. సంధ్య క్యాన్సరని చెప్పగానే ముసలమ్మ లేచి రజని మీదికి వెళ్లింది.

"నీ వల్లనేనే! అందరి లెక్క పెండ్లి చేసుకుంటే గీ గతి పట్టేదా దానికి? నా బిడ్డను ఆగం చేసినవ్. ఇంక దాని దిక్కు చూడకు, పో ఇక్కడికెల్లి!"

రజని కదలలేదు. కళ్లు తుడుచుకుని శైలజ దగ్గరే నిలబడింది.

"అవ్వా, ఆగు!" శైలజ చెయ్యి ఊతం చేసుకుని లేచి కూర్చుంది. "దాన్ని ఏమనకు. దవాఖానకు పోదాం పా అని రోజూ నా వెంట పడ్డదే అది. నేనే పోలే. ఎందుకు పోలేదో అడుగు. మొదలు ఒక డాక్టర్ దగ్గరకు పోయిన. పెండ్లయిందా అన్నడు. కాలేదన్న. పెండ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటయని నవ్విండు. గోలీలు రాసిచ్చి పంపిండు."

కొంచెం ఆగి అక్క వైపు తిరిగింది.

"అటెన్క పోయినేడు నీ క్యాంపుకే వచ్చిన అక్కా. యాదికున్నదా? లైన్ల నిలబడ్డ. నువ్వు నా దగ్గరకొచ్చి అందరి ముంగట ఏమన్నవ్? గిది సంసారం చేసుకునే ఆడోళ్లకు, నీకెందుకే, ఇంటికి పో అన్నవ్. లైన్ల ఉన్నోళ్లు మొహాలు చూసుకుని నవ్విండ్రు. సొంత అక్కనే గట్లంటే, ఇంక ఏ దవాఖానకు పోవాలె నేను?"

భాగ్యవ్వ పెద్ద కూతురి వైపు తిరిగింది.

సంధ్యకు గుర్తుంది. శైలజ కట్టుకున్న ఆకుపచ్చ చీరతో సహా గుర్తుంది. చెల్లెలి ఒంట్లో ఏముందోనన్న ఆలోచనే ఆ రోజు రాలేదు. నర్సమ్మ పేరు రాసుకుంటూ మీ ఆయన ఏం చేస్తాడని అడుగుతుంది, శైలజ ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది, ఊరంతా తెలిసిపోతుంది. ఆ భయం ఒక్కటే ఉంది. చెల్లెలు వెళ్లిపోతే హమ్మయ్య అనుకుంది కూడా. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లను బతిమాలి, చెయ్యి పట్టుకుని పరీక్షకు తీసుకువచ్చిన మనిషి, తోడబుట్టినదాన్ని మాత్రం వెనక్కి పంపించింది.

సంధ్య బల్ల పక్కన నేల మీద కూలబడింది. "నేను నిన్ను చూడలేదే శైలూ. నలుగురు ఏమనుకుంటరో అదొక్కటే చూసిన."

శైలజ క్షమించానని అనలేదు. కాసేపటికి అలసిపోయి వెనక్కి వాలింది. తల పక్కకు జారబోతుంటే రజని అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిలో కళ్లు మూసుకున్న కూతుర్ని భాగ్యవ్వ అలా చూస్తూ నిలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని బల్ల చివర కూర్చుని కొంచెం జరిగి, "నిలబడే ఉన్నవ్ గదా పొద్దట్నుంచి. కూసో బిడ్డా," అంది రజనితో.

హైదరాబాద్ ప్రయాణానికి ముందు రోజు సంధ్య ఆర్మూర్ దవాఖానకు రజనిని వెంటబెట్టుకుని వెళ్లింది. పరీక్ష కోసం ఆడవాళ్లు బారుగా నిలబడ్డారు. సగం మంది సంధ్య వాడకట్టు వాళ్లే. రజని వెనకడుగు వేసింది.

"తర్వాత చేయించుకుంట అక్కా. అందరు నిన్నెరిగినోళ్లే ఉన్నరు."

"ఎరిగినోళ్లే కానీ. రా."

వాళ్ల వంతు వచ్చింది. కొత్తగా వచ్చిన నర్సమ్మ తల ఎత్తకుండానే అడిగింది, "పెండ్లయిందా? మీ ఆయనేం చేస్తడు?"

రజని సంధ్య వైపు చూసింది. వెనక ఉన్న ఆడవాళ్లు చెవులు రిక్కించారు. సంధ్య రజని చెయ్యి పట్టుకుంది.

"ఆయన లేడు సిస్టర్. మా చెల్లె శైలజ ఉన్నది. ఇద్దరు ఒక్కటై సంసారం చేసుకుంటున్నరు. ఈమెకు పరీక్ష చెయ్యాలె."

వెనక గుసగుసలు మొదలయ్యాయి. నర్సమ్మ ఒక్క క్షణం సంధ్య మొహంలోకి చూసి, "లోపలికి రండి," అంది.

అంతే. ఆ రోజు క్యాంపులో చెల్లెలి కోసం అనలేకపోయిన మాట, ఇప్పుడు అనడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. రజని తెర వెనక్కి వెళ్లాక సంధ్య గోడ వైపు తిరిగింది. ఆడవాళ్లంతా చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.