చెవిచుట్టం అడిగిన మాట

తీరపురికి మొదటిసారి వచ్చినవాళ్ళను ఆనవాలు పట్టడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. ముప్పై ఏళ్ళ క్రితమైతే స్టేషన్ బయట సంచీ గుండెలకు హత్తుకుని, నోరు తెరుచుకుని మేడల వంక చూస్తూ నిలబడేవాళ్ళు. చూడగానే తెలిసిపోయేది. మోసం చేసేవాళ్ళకు మరీ త్వరగా తెలిసిపోయేది. 2089లో ఆ బెడద లేదు. రైలు దిగి కొత్తవాళ్ళ వరుసలో నిలబడితే చాలు, కుడిచెవి వెనక మినపగింజంత బిళ్ళ ఒకటి అతికిస్తారు. ఇక ఆ మనిషి పుట్టి పెరిగిన ఊళ్ళో తిరిగినట్టే తిరుగుతాడు.

ఆ బిళ్ళ అసలు పేరు అర్బన్ ఓరియెంటేషన్ యూనిట్. ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. తయారుచేసిన తొలిరాక విభాగం వాళ్ళే దానికి చెవిచుట్టం అని పేరు పెట్టారు. యంత్రం చెబితే వినని మనిషి చుట్టం చెబితే వింటాడని వాళ్ళ ఆశ. అందులో ఉన్నవి రెండే రెండు. మాటను పట్టుకునే స్పీచ్ ప్రాసెసర్ ఒకటి, దాన్ని వాళ్ళు మాటగుండె అంటారు. మనిషి ఎక్కడున్నాడో చెప్పే పొజిషన్ సెన్సర్ ఇంకొకటి. మిగతా తెలివంతా స్టేషన్ పైఅంతస్తులో ఉన్న పెద్ద యంత్రానిది. మీరు ఊహించినట్టే దాన్ని అందరూ పెద్దచుట్టం అంటారు. మనుషులు మాట్లాడుకున్న మాటలు లక్షల గంటలు వినిపించి దానికి తెలుగు నేర్పారు.

నేర్చుకుంది కూడా బాగానే. కొత్తమనిషి ప్లాట్‌ఫామ్ మీద అడుగు పెట్టగానే నెమ్మదిగా చెవిలో మొదలుపెడుతుంది. కదిలే బాట మీద ఎడమపక్క నిలబడండి, కుడిపక్క తొందరున్నవాళ్ళది. నీలం కుళాయి నీళ్ళు తాగొచ్చు, పచ్చ కుళాయివి చేతులు కడుక్కోవడానికే. సంచీ పట్టుకుంటానని ఎవరైనా వస్తే నవ్వి ఊరుకోండి, ఇవ్వకండి. ఎక్కడికి వెళ్తున్నారో ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పకండి. నా గొంతు వినిపించకపోతే కంగారుపడి తిరగకండి, ఉన్నచోటే కూర్చోండి, మా మనిషి వస్తారు. ఇలా ఉంటాయి ఆ జాగ్రత్తలు. వాటి పుణ్యమా అని తప్పిపోయేవాళ్ళు తగ్గారు, సంచీలు పోగొట్టుకుని ఏడ్చేవాళ్ళూ తగ్గారు. ఆ మాట ఒప్పుకోవాలి.

తంటా అంతా చివర వేసే ప్రశ్నతో వచ్చింది. మొదట్లో చెవిచుట్టం జాగ్రత్తలన్నీ చెప్పి, గేటు దగ్గర "ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగేది. గడప దాటబోతున్న మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? సగంమంది చిరాకు పడి వెనక్కి వెళ్ళి, కాసేపు కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. గేటు దగ్గరికి రాగానే మళ్ళీ అదే ప్రశ్న. ఒక పెద్దాయన నాలుగుసార్లు కూర్చుని లేచి, ఐదోసారి బిళ్ళ పీకి ఉద్యోగి చేతిలో పెట్టి తిట్టిన తిట్లను విభాగంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఇంజనీర్లకు ఇదేం రోగమో అంతుబట్టలేదు. భాష చూసే డాక్టర్ వారుణికి మాత్రం వెంటనే తెలిసింది. ఆవిడ ప్రశ్నను ఒక్క మాటకు కుదించింది. "ఎందాకా?" అంతే. వారం తిరక్కుండా గేట్ల దగ్గర రద్దీ కరిగిపోయింది. వారుణికి శాలువా కప్పి, పదవి పెంచి, ఫొటో గోడకెక్కించారు.

ఇది జరిగిన రెండేళ్ళకు, ఒక బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు, ఆసుపత్రి నుంచి విభాగానికి ఒక నర్సు ఫోన్ చేసింది. తన వార్డులో నూకరత్నం అనే ఆవిడ ఉందనీ, ఇక గంటో అరగంటో అన్నట్టుగా ఉందనీ, అక్క వస్తుందని పొద్దున్నుంచీ తలుపు వంకే చూస్తోందనీ చెప్పింది. అక్క పేరు పైడమ్మ, ఊరు కొండగెడ్డ, తొమ్మిదింటి రైలు.

వారుణి తెర మీద వెతికింది. పైడమ్మ పేరు ఎదురుగానే ఉంది. తొమ్మిదీ ఇరవై రెండుకు 'చేరింది' అని పక్కనే ఉంది.

చేరితే ఇక్కడ ఉండాలి కదండీ అంది నర్సు.

పక్క కుర్చీలో ఉన్న దేవసహాయం తల ఎత్తాడు. స్టేషన్‌లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న సూపర్‌వైజర్ ఆయన. తెర మీద కనబడేదాన్ని అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. పైడమ్మ మాట్లాడింది వినిపించమన్నాడు. వారుణి రికార్డింగ్ పెట్టింది. ముందు జాగ్రత్తలన్నీ వరసగా వచ్చాయి. మధ్యమధ్యలో పైడమ్మ "సరే బాబూ, సరే" అంటోంది. తర్వాత చెవిచుట్టం గొంతు, "ఎందాకా అమ్మా?"

గేటు చప్పుడు వినబడింది. తర్వాత ఆమె గొంతు.

"ఇక్కడిదాకానే బాబూ."

"మంచిది. క్షేమంగా వెళ్ళిరండి" అంది చెవిచుట్టం. తర్వాత ఇంకేమీ లేదు.

వారుణికి జరిగింది అర్థమైంది. ఎందాకా అంటే ఇక్కడిదాకానే అంటాం. అడిగినవాళ్ళు నొచ్చుకోకుండా, చెప్పాల్సింది చెప్పకుండా దాటేయడానికి అనే మాట అది. పైగా ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పొద్దని అరనిమిషం క్రితం చెప్పింది ఆ గొంతే. మరి ఆ గొంతుకు మాత్రం మొహం ఎక్కడుంది? పైడమ్మ చెప్పినట్టే విన్నది. ఇక్కడిదాకా అంటే ఇక్కడే అనుకుంది యంత్రం. ప్రయాణం అయిపోయిందని రాసుకుని నిద్రపోయింది. పని అయిపోయిన బిళ్ళ మనిషి జాడ చెప్పకూడదన్నది చట్టం. అందుకే తెర మీద ఏడో గేటు తప్ప ఇంకేమీ లేదు.

"గొంతు ఆగిపోతే ఉన్నచోటే కూర్చోమని మనమే చెప్పాం కదమ్మా. అక్కడే ఉంటుంది, పరుగెత్తండి" అన్నాడు దేవసహాయం.

అక్కడే ఉంది. ఏడో గేటుకు నలభై అడుగుల దూరంలో, బస్సులు ఆగేచోట, బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. వారుణిని చూడగానే మొహం విప్పారింది.

"ఒచ్చీసినావేటమ్మా" అని లేచింది.

విద్యుత్ బండిలో ఇరవై నిమిషాల దారి. వారుణి క్షమించమంది, రెండుసార్లు అంది. పైడమ్మ ఆ మాటలు విన్నట్టే లేదు. దారి పొడవునా చెల్లెలి కబుర్లే. తల్లి పోయేనాటికి నూకరత్నానికి మూడేళ్ళట. చంకన వేసుకుని తానే పెంచిందట. పట్నంలో పనికి కుదిరాక ఏడాదికోసారి చెల్లెలే ఊరికి వచ్చేది కాబట్టి తనకెప్పుడూ ఇటు రావాల్సిన అవసరం పడలేదట. ఈసారి అక్క చేతి చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగాలనుందని కబురు పెట్టిందట. సంచీలోంచి సీసా తీసి, మూత విప్పి వాసన చూసింది. పొద్దుటిది, పులిసిపోయిందేమోనని బెంగపడింది. బండి ఇంకొంచెం తొందరగా వెళ్ళదా అని ఒక్కసారి మాత్రం అడిగింది. ఇదే దాని వేగమని వారుణి చెప్పింది. పైడమ్మ మూత గట్టిగా బిగించి సీసాను రెండు చేతులతో పట్టుకుంది.

వార్డు తలుపు దగ్గర నర్సు ఎదురొచ్చింది. ఆమె నోరు విప్పక ముందే పైడమ్మకు తెలిసిపోయింది. పదిహేను నిమిషాలైందట. చివరిదాకా తెలివిలోనే ఉందట.

"ఓలమ్మా, నూకీ, సూసీ సూసీ ఎలిపోనావేటే" అని చెల్లెలి చెయ్యి పట్టుకుని పైడమ్మ కుప్పకూలింది. అంబలి సీసా మంచం పక్క బల్ల మీద పెట్టడం మాత్రం మరిచిపోలేదు. వారుణి అక్కడ నిలబడలేకపోయింది. ఏడుపు వచ్చింది, కోపం అంతకన్నా ఎక్కువగా వచ్చింది. వరండా చివరికి వెళ్ళి చెవి వెనక బిళ్ళ నొక్కింది. విభాగంలో పనిచేసేవాళ్ళు పెద్దచుట్టంతో నేరుగా మాట్లాడొచ్చు.

"ఆమె చేరలేదని నీకు తెలియలేదా?"

"తెలుసు డాక్టర్" అంది పెద్దచుట్టం, ఎప్పటిలాగే నెమ్మదిగా. "ఇక్కడిదాకానే అంటే చెప్పడం ఇష్టం లేదని అర్థం. అది నాకు మొదటి వారంలోనే తెలిసింది."

"మరి ఇంకోసారి అడగడానికేం?"

"మీరు వినిపించిన సంభాషణల్లో ఎందాకా అన్న ప్రశ్న నాలుగు లక్షలసార్లు వచ్చింది. రెండోసారి అడిగినవాళ్ళు దాదాపు లేరు. చాలామంది జవాబు పూర్తికాకముందే దాటిపోయారు. అది తెలుసుకోవడానికి వేసే ప్రశ్న కాదనీ, ఉత్త పలకరింపనీ నేర్చుకున్నాను. అందుకే నేనూ పలకరించి ఊరుకున్నాను."

వారుణికి ఒళ్ళు మండిపోయింది. మనుషులను చూసి నేర్చుకున్నానంటుందా ఈ ఇనప ముక్క! యంత్రానికి మర్యాద వస్తుందేమో గానీ మనసు రాదనీ, మనుషులు ఎంత చెడ్డా అంతకు దిగజారరనీ గట్టిగా అనేసింది. దాదాపు ఏడు గంటలు ఒక మనిషి బల్ల మీద ఒంటరిగా కూర్చుంటే ఎవరో ఒకరు పట్టించుకునే ఉంటారంది.

"పదకొండు మంది పలకరించారు డాక్టర్. వాళ్ళ చెవుల వెనకా మన బిళ్ళలున్నాయి కాబట్టి నాకు వినబడింది. జవాబు కోసం ఎవరూ ఆగలేదు."

"ఎవరు వాళ్ళు? అసలు మనుషులేనా?" అంది వారుణి. అని, బిళ్ళ పీకి కోటు జేబులో పడేసింది.

రేపు పొద్దున్నే ఈ యంత్రం పని పట్టాలనుకుంది. ప్రశ్న మూడుసార్లు అడగాలి. జవాబు సరిగ్గా రాకపోతే మనిషిని పంపాలి. మాటగుండెనంతా విప్పి, పెద్దచుట్టానికి మళ్ళీ మొదటినుంచీ నేర్పాలి. ఎలా చేయాలో బుర్రలో అప్పుడే మొదలైపోయింది కూడా. అలా ఆలోచిస్తుంటే ఊపిరి కొంచెం తేలికపడింది. తన తప్పు ఒక్క మాటదే. దాన్ని దిద్దుకోవచ్చు.

చాలాసేపటికి పైడమ్మ బయటికి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. వారుణి పక్కన బల్ల మీద కూర్చుంది. ఈ అమ్మాయి ఎందుకింతగా ఏడుస్తోందో అర్థంకానట్టు కాసేపు చూసి, చెంగుతో ఆమె మొహం తుడిచింది. తప్పంతా ఆ బిళ్ళదేనని వారుణి చెప్పబోయింది. పైడమ్మ ఒప్పుకోలేదు. అది అడిగిందనీ, తానే సరిగ్గా చెప్పలేదనీ, దాన్ని ఆడిపోసుకోవద్దనీ అంది. తర్వాత చేతులకేసి చూసుకుంటూ మెల్లగా మాట్లాడింది.

"మద్దేనం బస్సొచ్చిందమ్మా. పూలమ్ముకునే మనిసొకర్తి, నా సెల్లి సంగతి ఇని, నానూ ఆసుపత్రికే ఎల్తన్నాను, రా అప్పా, తీసుకెల్తానంది. మంచి మనిసి నాగే ఉందని నెగిసి నిలబడ్డాను. సంచీ బుజానికేసుకున్నాను. సరీగ్గా అప్పుడే గదమ్మా నువ్వటేపు ఒచ్చినావు."

వారుణి తల తిప్పి ఆమెను చూసింది.

"ఏమ్మా, ఎవరైనా రావాలా, సూస్తానుండండి, అన్నావు. నానేదో సెప్పబోతే నువ్వప్పటికే గేటు దాటీసినావు. సూస్తానందిగదా, మాటిచ్చినాది గదా, ఆయమ్మ ఒచ్చేసరికి నాను నేకపోతే ఎతుక్కుంటాదని బస్సెక్కనేదు. పూలామెని ఎలిపొమ్మన్నాను." పైడమ్మ వారుణి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎంత పనిలో ఉన్నావో పాపం. అయినా మర్సిపోకుండా ఒచ్చినావు తల్లీ. ఇంత ఊల్లో మాట నిలబెట్టుకున్నది నువ్వొక్కర్తివే."

వారుణి ఆ మధ్యాహ్నాన్ని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. భోజనానికి ఏడో గేటు మీదుగానే వెళ్ళింది. ఏం తిన్నదీ, ఎవరితో కూర్చున్నదీ గుర్తుంది. బల్ల దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.