పిసినారి బల్బు

"మీరు అమ్మిన వాటిలో సగం చచ్చిన బల్బులే," అంటూ ఆమె గుప్పెడు ఎల్ఈడీలు నా కారు స్పేర్ పార్టుల షాపు కౌంటర్ మీద పోసింది.

పొద్దున్నే మొదటి బేరానికి ముందే వాపసు సరుకు వచ్చిందంటే ఆ రోజంతా నష్టమేనని వ్యాపారుల లెక్క. తలెత్తి ఆమెను చూశాక ఆ లెక్క మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది.

"చచ్చినవి కావండి, తిప్పి పెట్టినవి. మామూలు బల్బు ఎటు పెట్టినా వెలుగుతుంది. వీటికి ప్లస్సు, మైనస్సు పట్టింపు. వెలగకపోతే బయటికి లాగి, అటుది ఇటు తిప్పి పెడితే చాలు."

"ఆ ముక్క అమ్మేటప్పుడే చెప్పొచ్చు కదా."

"మీరు బేరం ఆపితే కదా, నాకు సందు దొరికేది."

ఆమె పెదవి చివరికి చిన్న నవ్వు వచ్చి, అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోయింది. నవ్వు దగ్గర కూడా గట్టి మనిషే అనుకున్నాను.

షాపు ముందు ఆమె కారు ఆగి ఉంది. పాతది. పైన డ్రైవింగ్ స్కూల్ బోర్డు. ఆ స్కూలుకు ఓనరూ, టీచరూ, బండి కడిగేదీ అన్నీ ఆమే. మీటర్ బోర్డును తనే విప్పింది. తీసిన మరలను ఏ మూలవి ఆ మూల వచ్చేలా సీటు మీద టవల్ పరిచి పేర్చింది. చెయ్యి తిరిగిన మెకానిక్కులే బిగించాక ఒక మర మిగిల్చి జేబులో వేసుకోవడం నేను చూశాను. ఆ టవల్ దగ్గరే నేను సగం పడిపోయాను.

"ఇంత శ్రమ ఎందుకండి?"

"సాయంత్రం బ్యాచ్ పెడుతున్నాను, ఆఫీసులు వదిలాక వచ్చే ఆడవాళ్ళ కోసం. మసక పడితే ఈ పసుపు లైట్లలో స్పీడు ముల్లు కనపడదు. దాన్ని చూడ్డానికి వాళ్ళు వంగుతారు, కారు ఫుట్‌పాత్ వైపు వంగుతుంది. ఈ బ్యాచ్ నిలబడితే స్కూలు నిలబడుతుంది. లేదంటే బోర్డు దించేసి పెద్ద స్కూల్లో జీతానికి చేరడమే."

ఇద్దరం కలిసి బల్బులు పెట్టాం. ఆమె తిప్పి ఇస్తుంటే నేను బిగించాను. తాళం తిప్పగానే మీటర్ బోర్డు కడిగిన పళ్ళెంలా తెల్లగా మెరిసింది. ఆమె మొహం కూడా. ఇంత చవక బల్బుకు ఇంత వెలుగు వస్తుందని అమ్మే నాకే తెలియదు.

ఆ ఊపులో నేను కొసరు వేశాను. అదే బోర్డులో, బ్యాటరీ చార్జి కాకపోతే వెలిగే ఎర్ర లైటుకు కూడా ఆమె అడక్కుండానే ఎల్ఈడీ పెట్టి, "ఇది ఫ్రీ" అన్నాను.

"వ్యాపారి ఫ్రీగా ఇస్తే భయపడాలట, మా నాన్న అంటారు."

ఆ పెద్దమనిషి మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

బల్బులు త్వరగా చెడిపోవు. అంటే ఆమె మళ్ళీ షాపుకు రాదు. మంచి సరుకు అమ్మితే ఇదే నష్టం. ఆలోచించి, ఆమె దగ్గర మా అమ్మను చేర్పించాను.

"ఈ వయసులో నాకు స్టీరింగ్ ఎందుకురా?" అంది అమ్మ.

"ఆరోగ్యానికి మంచిదమ్మా."

"ఎవరి ఆరోగ్యానికి?"

రోజూ అమ్మను దింపడానికీ, తీసుకురావడానికీ వెళ్ళేవాడిని. అమ్మ గేరు మార్చినప్పుడల్లా బండి ఏడ్చేది. ఆమె మాత్రం గొంతు పెంచేది కాదు. "బండి చెప్పేది వినండి ఆంటీ, అదే అడుగుతుంది," అనేది. చెయ్యి ఒడిలో తీరిగ్గా ఉండేది. పాదం మాత్రం తన వైపు ఉన్న రెండో బ్రేకు మీద సిద్ధంగా ఉండేది. భయం మొత్తం కాలికి అప్పగించి మొహాన్ని చల్లగా ఉంచుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

రెండో వారం కారు వంతెన మీద ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతుంటే ఆమె దిగి, చెయ్యెత్తి ట్రాఫిక్ ఆపి, ఒంటరిగా పక్కకు తోసింది. స్టీరింగ్ దగ్గర ఏడుస్తున్న అమ్మాయితో, "నీ తప్పు కాదు, బండి అలిగింది," అందట. బ్యాటరీ చార్జి చేయిస్తే నాలుగు రోజులకు మళ్ళీ అదే కథ. బ్యాచ్‌లో ఇద్దరు మానేశారు. మిగిలిన వాళ్ళు పెద్ద స్కూలు వైపు చూస్తున్నారు.

ఆమె షాపుకు వచ్చింది, పక్కన అమ్మ. "కొత్త బ్యాటరీ ఇవ్వండి. ఇంకోసారి ఆగితే బోర్డు దించేస్తాను."

బ్యాటరీ మీద నాకు మంచి లాభం. అయినా ముందు వోల్టు మీటరు పెట్టి చూశాను. ఇంజిన్ నడుస్తుంటే పెరగాల్సిన వోల్టేజి తగ్గుతోంది. అంటే బ్యాటరీకి తిండి అందడం లేదు. అందులో కొత్త బ్యాటరీ పెట్టినా ఇదే గతి.

"మీ షాపుకు రాకముందు ఇలా లేదు," అంది ఆమె, నిందలా కాదు, లెక్క చూస్తున్నట్టు.

"బండి నడుస్తున్నా ఆ ఎర్ర లైటు సన్నగా వెలుగుతూనే ఉంటుందని నేను మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నా," అంది అమ్మ.

ఇద్దరం అమ్మ వైపు తిరిగాం. కొత్తగా నేర్చుకునే వాళ్ళు రోడ్డు మానేసి మీటర్లే చూస్తారు. కొత్త బల్బు కదా, కాంతి ఎక్కువని చెప్పి అప్పట్లో ఇద్దరం ఆవిడ నోరు మూయించాం.

అప్పుడు తట్టింది. ఇలాంటి పాత బండ్లలో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ నిద్ర లేవడానికి కాస్త కరెంటు ఆ ఎర్ర బల్బు గుండానే వెళ్ళాలి. మామూలు బల్బు ధారాళంగా వదులుతుంది. ఎల్ఈడీ పిసినారి, చుక్క చుక్కగా వదులుతుంది. తక్కువ తింటుందని పొగిడి నేను అమ్మిన గుణమే అక్కడ దోషం.

"నా కొసరే మీ బండిని ఆపిందండి," అని ఆ ఒక్క చోట మామూలు బల్బు పెట్టాను. ఇంజిన్ వేస్తే ఎర్ర లైటు చక్కగా ఆరిపోయింది. వోల్టేజి పైకి లేచింది.

ఆమె ఇంజిన్ ఆపింది. "బ్యాటరీ అమ్ముకుని ఉండొచ్చు మీరు."

"అమ్మితే మీరు ఇంకోసారి వచ్చేవారు, తిట్టడానికి."

ఈసారి నవ్వు వెనక్కి వెళ్ళలేదు.

తర్వాత కారు ఎక్కడా ఆగలేదు. మానేసిన ఇద్దరినీ అమ్మే ఫోన్ చేసి వెనక్కి తెచ్చింది. కొత్తగా మరో ముగ్గురు చేరారు. బోర్డు కారు మీదే ఉంది. అయితే అమ్మ డ్రైవింగ్ టెస్టు వచ్చేసింది, తెల్లవారితే అదే. ఆ సాయంత్రం చివరి క్లాసు. మర్నాటి నుంచి నేను అక్కడికి వెళ్ళడానికి ఏ సాకూ ఉండదు.

"వెనక బరువుంటే బండి ఎలా నడుస్తుందో ఆంటీకి తెలియాలి. ఎక్కండి," అంది ఆమె.

బరువుగానే ఎక్కాను. మసక వెలుతురులో మీటర్ బోర్డు తెల్లగా వెలుగుతోంది. అమ్మ బండి కదిలించింది.

"ఒరేయ్, నన్ను ఇక్కడ ఎందుకు చేర్పించావో టీచరమ్మకు చెప్పావా?"

"అమ్మా, రోడ్డు చూడు."

"రోడ్డూ కనపడుతోంది, అద్దంలో నీ మొహమూ కనపడుతోంది."

"సెకండ్ గేర్ ఆంటీ," అంది ఆమె ముందుకే చూస్తూ. "ఎందుకు చేర్పించారట?"

"నోట్లో మాట బయటికి తియ్యడానికి ఇంత పొదుపైతే ఎలారా? ఆ ఎర్ర లైటు నయం," అంది అమ్మ.

ముందు సీటు వైపు వంగాను. "మీరు మరలు పేర్చిన పద్ధతి చూశాను. వంతెన మీద బండి తోసి, ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదని విన్నాను. సరుకు మంచిదని తెలిశాక బేరం ఆడకూడదని..."

"క్లచ్ నొక్కండి ఆంటీ. నేను సరుకునా?"

"కాదండి, సరుకు నేనే. ఖరీదు తక్కువ, మన్నిక ఎక్కువ. వెలగకపోతే మీరే తిప్పి పెట్టుకోవచ్చు. మీరు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుందాం. వాపసు మాత్రం తీసుకోను."

అమ్మ కిసుక్కుమంది. ఆమె పాదం రెండో బ్రేకును నొక్కలేదు, అదొక్కటే నా ఆశ.

"టీచరమ్మా, ముందు మలుపు. ఎటు?" అంది అమ్మ.

ఎడమకు తిరిగితే రోజూ ప్రాక్టీసు చేసే మైదానం. ఆమె అద్దం వైపు చూసింది. అందులో నేనున్నాను.

"కుడికి. మా ఇల్లు అటే. నాన్న ఈ వేళకు ఇంట్లోనే ఉంటారు. ఇండికేటర్ వెయ్యండి, అత్తయ్యా."

ఆ సంబరంలో అమ్మ వైపర్లు వేసింది. చుక్క వాన లేదు. పొడి అద్దం మీద కిర్రు కిర్రుమంటూ వైపర్లు ఊగుతుంటే కారు కుడికి తిరిగింది. ఆపమని మా ఇద్దరిలో ఎవరూ అనలేదు.