రేవులో అన్న ఆయ్

దుర్గాశ్రీనివాస్‌కి ఒళ్ళు మండిపోతోంది. ఎవరిమీదా అంటే ముందు తనమీదే. ముంబై నుంచి పొద్దున్నే రాజమండ్రిలో దిగేరు మొగుడూ పెళ్ళాలు. తిరుపతి విమానం సాయంత్రానికి గానీ లేదు. తెల్లారితే తిరుపతిలో బావమరిది కళ్యాణ్ పెళ్ళి. అమ్మా నాన్నా లేని పిల్లాడు, ఉన్నదల్లా ఒక్క అక్క మమత. ఆమె లేకపోతే పీటల పక్కన నిలబడే మనిషే లేదు.

"ఎయిర్‌పోర్టులోనే కూర్చుందాం శీనూ, ఆలస్యమైతే నా తమ్ముడి గతేంది?" అని ఆ మహాతల్లి మొత్తుకుంటూనే ఉంది. వింటేనా!

"నేను పుట్టిపెరిగిన కోనసీమని పక్కనే పెట్టుకుని ఇనప కుర్చీల్లో కూర్చుంటామా? అంతా ప్లాన్ వేశానుగా" అన్నాడు.

ఆ ప్లాన్ ఎలా తగలడిందో చూడండి. కడియంలో పూలతోటలు చూపిస్తానన్నాడు, లారీలు అడ్డంపడి టైర్లు చూపించాడు. ఆత్రేయపురం పూతరేకులన్నాడు, వంతెన పని జరుగుతోందని దారి మళ్ళించేరు. రావులపాలెంలో అద్దెకారు పంక్చరు. కొత్తపేట దాటి గోదారి రేవుకి చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

"ఇంక చాలబ్బా, వెనక్కి పోదాం" అంది మమత.

"ఒక్కటైనా చూడకపోతే ఎలాగ? గోదారి మధ్య లంకలోకి వెళ్ళి వచ్చేద్దాం." అదంతా పంతం. తనూరు ఆమె ముందు ఇంత తీసికట్టయిపోవడం అతనికి మింగుడుపడలేదు.

పడవ నడిపే సరంగు గంగబాబు ఇంజిను తాడు పట్టుకునే ముందు చెప్పేడు. "ఒక్క మాటండి బాబుగారూ. లంకలో ఎవరన్నా పడవలో చోటుందా అనడిగితే మీరు మాటివ్వకండి. నన్నడగమనండి. సరంగు తప్ప ఇంకోళ్ళు ఎక్కమనకూడదు. మా రేవు కట్టుబాటండి."

"ఆయ్" అన్నాడు శ్రీనివాస్, అలాగేనన్నట్టు.

మమత ఫక్కున నవ్వింది. పొద్దున్నించీ అదే మొదటి నవ్వు. "ఎవరేమన్నా ఆయ్! మీ పెళ్ళాన్ని ఎత్తుకుపోతామన్నా ఆయ్ అంటావు నువ్వు. చచ్చినా నా నోట్లో ఆ మాట రాదబ్బా."

లంకలో ఏముంది, ఇసక, తలెత్తు రెల్లు. పెళ్ళికని కొత్తగా కొన్న ఎర్ర చెప్పులు ఇసకలో దిగబడిపోతుంటే మమత విసుక్కుంటూ విప్పి అతని చేతిలో పెట్టింది. అతను వాటిని భుజాన ఉన్న సంచీలో పడేశాడు. కాళ్ళు కడుక్కొస్తానని ఆమె రెల్లు అవతలకి వెళ్ళింది.

గంగబాబు తాడు లాగుతున్నాడు. ఇంజిను దగ్గి ఆగిపోతోంది. మళ్ళీ లాగేడు. మళ్ళీ ఆగిపోయింది. శ్రీనివాస్ పడవెక్కి కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. సిగ్నల్ లేదు. ఛ! ఏం జన్మరా బాబూ ఇది!

మబ్బు కమ్మింది. గాలి పడిపోయింది. కుళ్ళిన గుర్రపుడెక్క వాసన, దానికింద ఇంకేదో పాతబురద వాసన. అప్పటిదాకా అరుస్తున్న కొంగలు ఎప్పుడు మానేసేయో తెలీలేదు.

"మమతా! రా త్వరగా!"

పలకలేదు.

"ఏవండీ..." అంది రెల్లులోంచి ఓ ఆడగొంతు. మెత్తగా, ఎంతో మర్యాదగా. "నాకూ కాస్త చోటుందాండీ?"

అతను ఫోన్లోంచి తలెత్తలేదు. నోటికి అలవాటైపోయిన మాట, దానంతటదే వచ్చేసింది.

"ఆయ్."

ఇంజిను అందుకుంది. తాడు గంగబాబు చేతిలో వదులుగా వేలాడుతోంది.

పడవ ఓ పక్కకి ఒరిగింది. చూస్తే మమత ముందుభాగంలో కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు తడిసి నీళ్ళు కారుతున్నాయి.

గంగబాబు దగ్గరికొచ్చి గుసగుసగా అడిగేడు. "ఎవరికండీ... ఆయ్ అన్నారు?"

"ఎవరికో. ఎవరూ ఎక్కలేదుగా."

"అమ్మగారు... నీళ్ళవైపు నించి ఎక్కేరండి. అటు నిలువెత్తు లోతండి. దిగి ఒకసారి రెల్లు అవతల చూద్దారండి బాబూ."

"ఏం చూస్తామయ్యా! మనిషి కళ్ళెదురుగా కూర్చుంటే! విమానం పోతే పెళ్ళి పోతుంది. పోనీ ముందు!" అని కసిరేడు శ్రీనివాస్.

గంగబాబు పడవ పోనిచ్చేడు. అవతలి ఒడ్డున వాళ్ళు దిగగానే పడవ తోసేసుకున్నాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

తిరుగుదారిలో ఒక్క లారీ అడ్డం రాలేదు. పొద్దున్న మూసిన దారి తెరిచేసి ఉంది. హమ్మయ్య, గట్టెక్కేం అనుకున్నాడు. మమత మాత్రం మొహం అటు తిప్పుకునే కూర్చుంది. కోపం వచ్చుంటుంది, రాదూ మరి! కారునిండా బురద వాసన. అద్దం దించినా పోలేదు.

ఎయిర్‌పోర్టులో కూర్చున్నాక కళ్యాణ్ ఫోన్ చేసేడు. శ్రీనివాస్ స్పీకర్ పెట్టేడు.

"అక్కా, వచ్చేసినారా ఎయిర్‌పోర్టుకి?"

"ఆయ్. వచ్చేసేమండి."

శ్రీనివాస్ గిరుక్కున ఆమెవైపు తిరిగేడు.

అవతల కళ్యాణ్ పగలబడి నవ్వుతున్నాడు. "బావ భాష అంటుకుందే నీకు! రేపు పెళ్ళికూతురితో ఇంటికొస్తే గుమ్మంలో అడ్డం నిలబడి మా పేర్లు చెప్పించాల్సింది నువ్వే. మరిచిపోవద్దు."

"అయితే లోపలికి ముందు నేను రావాలి కదండీ." గొంతు మెత్తగా ఉంది. "రావచ్చాండీ?"

"వద్దు! వద్దను కళ్యాణ్—" ఫోన్ లాక్కోబోయేడు శ్రీనివాస్.

"అదేం ప్రశ్నక్కా! నీ ఇల్లు. రా!" అని పెట్టేశాడు పిల్లాడు.

విమానానికి పిలిచేరు. అందరూ లేచేరు. బోర్డింగ్ పాసుల కోసం సంచీలో చెయ్యి పెట్టేడు. వేళ్ళకి ఇసక తగిలింది. మమత ఎర్ర చెప్పులు... రెండూ సంచీలోనే ఉన్నాయి.

అయితే లంకనించి ఇక్కడిదాకా వట్టికాళ్ళతోనే...?

"వెళ్దామాండీ?" అంది పక్కనించి.

కళ్ళు మెల్లిగా కిందికి దించేడు. ఆమె కాళ్ళకీ అవే ఎర్ర చెప్పులు ఉన్నాయి. తడి తడిగా.

అద్దాల అవతల చీకటి పడుతోంది. లంకలో, ఆ రెల్లు అవతల కూడా ఈపాటికి చీకటి పడిపోయి ఉంటుంది.