జత కాలేయం

పెట్టెలో పాప కాలేయం బాగుపడింది. ఉయ్యాల్లో పాప బాగుపడలేదు.

కదిరి దగ్గర పరిశోధన ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి నాలుగు రోజులుగా ఈ లెక్క తేలక కూర్చుంది. పాప పేరు మోక్షిత, నాలుగు నెలలు. లక్షలో ఒకరికి వచ్చే జబ్బు. కాలేయంలో తయారైన పిత్తం బయటికి పారే దారి లేక అక్కడే నిలిచిపోతుంది. కళ్లు, ఒళ్లు పసుపెక్కుతాయి. పది రోజుల్లో పిత్తం దిగకపోతే కాలేయం మార్చాల్సిందే. ఐదు కిలోలు కూడా లేని పిల్ల ఆ ఆపరేషన్‌కు తట్టుకుంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఇక పెట్టె సంగతి. పాప చర్మం నుంచి గోరంత తీసి, ఆ కణాలను కాలేయ కణాలుగా మార్చి, పెట్టెలోని గాజు పలక మీద బియ్యపుగింజంత ముక్కలుగా పెంచారు. అదే జత కాలేయం. పాప జబ్బే దానికీ ఉంటుంది. మందు ముందు ఆ గింజ మీద వేస్తారు. పిత్తం నిలిస్తే గింజ చుట్టూ నీరు పసుపెక్కుతుంది, పారితే తేటపడుతుంది. పద్దెనిమిది మందులు పెట్టెలోనే ఓడిపోయాయి. అంటే పద్దెనిమిదిసార్లు పాప తప్పించుకుంది. పందొమ్మిదోది గెలిచింది. మరి పాప దగ్గర ఎందుకు ఓడింది?

"పాపకు బయటి మందేమైనా వేశారా?" ఇందుమతి అడగడం అది మూడోసారి.

"నా మనవరాలి మీద ఒట్టు మేడం," అంది నానమ్మ ఓబుళమ్మ. "నీ మందు తప్ప దాని నోట్లో చుక్క పొయ్యలే."

ఆ మాట నిజమే. తప్పు ప్రశ్నలో ఉంది.

పాపకు అందుతూ పెట్టెకు అందనిది ఏమిటని ఇందుమతి కాగితం మీద రాసుకుంది. ఒకటే మిగిలింది. పాప తల్లి హేమలతను చెంచాడు పాలు అడిగి, మందు వేసిన గింజ మీద రెండు చుక్కలు వేసింది. అత్తాకోడళ్లు చూస్తుండగానే నీళ్లు మళ్లీ పసుపెక్కాయి.

"ఏమ్మా, నువ్వేం తాగుతున్నావు?"

హేమలత అత్త వైపు చూసింది.

"పసరు," అంది ఓబుళమ్మ, దాచకుండా. "పొద్దున్నే గ్లాసుడు నేనే పోస్తిని. పాలల్లో బిడ్డకు దిగుతుందని. మీరు పాప సంగతి అడిగితిరి గానీ దీని సంగతి అడిగితిరా?"

ఇందుమతి తన ప్రశ్నల పత్రంలో తల్లికోసం ఒక వరుస కలిపింది. పసరు ఆపారు. మందు పని మొదలుపెట్టింది. ఆరో రోజుకు మోక్షిత కళ్లు తెల్లబడ్డాయి.

ఇంటికి వెళ్లే రోజు హేమలత డాక్టరును పక్కకు పిలిచింది. "నాలుగు నెలలుగా వెల్లుల్లి కారం అన్నమే మేడం. పాపకు జబ్బని ఇంకా పత్యం విడవనీలేదు. పెరుగన్నం తినమని పెట్టె చెప్పిందని మా అత్తతో ఒక్క మాట అనండి."

"నేను చెబుతా. బాలింతలు పెరుగు తినొచ్చు."

"మీరు చెబితే వినదు. పెట్టె చెప్పాల."

పెట్టెను అడగకుండా దాని పేరు చెప్పడం ఇందుమతికి చేతకాదు. క్యాంటీన్ నుంచి పెరుగన్నం తెప్పించింది. హేమలత రెండు ప్లేట్లు తింది. కాసేపాగి ఆమె పాల చుక్క గింజ మీద వేశారు. ఓబుళమ్మనూ పిలిచి ముగ్గురూ పెట్టె ముందు కూర్చున్నారు. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"ఇంకోసారి చూడు మేడం," అంది ఓబుళమ్మ. ఇంకోసారీ అంతే. ఆమె చాలాసేపు చూసి, "సరే, తిననీ. పెట్టే తినమంటే నాదేముంది," అంది.

వారం తిరక్కముందే ఆసుపత్రి ముందు బాలింతల వరుస. ఒకరి చేతిలో మామిడిపండు, ఇంకొకరి టిఫిన్ డబ్బాలో పప్పుచారు. ఏ ఒక్కరి బిడ్డకూ కాలేయం జబ్బు లేదు.

"అమ్మా, అది మోక్షిత కాలేయం. మీ పిల్లలది కాదు," అని ఇందుమతి ఓపిగ్గా చెప్పింది.

"తెలుసు మేడం," అంది ముందున్న ఆమె. "అది మా అత్తకు తెలియదు గదా. చిన్న చీటీ ఇయ్యండి చాలు."

బాలింతలు ఇవన్నీ తినొచ్చని పద్నాలుగేళ్లుగా నోటితో చెబుతూ వచ్చిన ఇందుమతి, ఆ రోజు పెట్టె పక్కన ప్రింటర్ పెట్టించింది.