వేడి గదిలో దగ్గు

పలాసలో జగదీశ్వరరావు జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక ఒక వేడి గది ఉంది. పప్పు ఆరబెట్టే గది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. పోయినవాళ్లకి లోపల ఎవరో దగ్గుతున్నట్టు వినిపిస్తుందట… పాపారావు దగ్గు.

పాపారావు అక్కడ పొయ్యి చూసుకునేవాడు. పొగకి ఊపిరాడక అందులోనే పోయాడు. సైరన్ లేక కాదు — ఊరికే మోగి పని చెడగొడుతోందని జగదీశ్వరరావే దాని తీగ పీకించాడు. పోయినవాడి భార్య బొడ్డమ్మకి ఆ మహానుభావుడు ఏమిచ్చాడో తెలుసా? అదే గదిలో అదే పని. ఇలాంటివాణ్ణి ఏ దెయ్యమూ పట్టదెందుకో, నాకు ఒళ్లు మండిపోతుంది.

తర్వాత కేసు భయం పట్టుకుని, అల్లుడు ధనుంజయ్ చేత ఆఫీసు గదిలో ఒక చిన్న సర్వర్ పెట్టె పెట్టించాడు. ఈ కథ నాకు చెప్పింది ఆ ధనుంజయే. సర్వర్‌లో ఒక్కో పనికి ఒక్కో డబ్బా లాంటిది ఉంటుందట, కంటైనర్ అంటారు. పొగ పెరిగితే ఒకటి ఫ్యాను తిప్పుతుంది, ఒకటి సైరన్ మోగిస్తుంది. ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు మోగించాలి అన్నవన్నీ సెట్టింగులు. అవి పోతే డబ్బాలున్నా దండగే.

అందుకని దసరా నాడు, యంత్రాలకి పూజ చేసేటప్పుడు, మంచి ముహూర్తం కదా అని ధనుంజయ్ వాటికి బ్యాకప్, అంటే నకలు, తీశాడు. ఫ్యాను గాలికి హారతి ఆరిపోతుందని, ధూపానికి సైరన్ మోగుతుందని అప్పుడు రెండూ సెట్టింగుల్లో ఆపి ఉంచారు. పూజ అయ్యాక మళ్లీ ఆన్ చేశారు. బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్‌కి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి పటం వెనక దాచాడు. దాన్ని ఒక్కసారైనా వేరే పెట్టెలోకి ఎక్కించి చూసుకోలేదు. బొట్టు పెట్టాక ఇంకేం కావాలి?

మొన్న వేసవిలో పిడుగు పడి సర్వర్ మాడిపోయింది. ధనుంజయ్ కొత్త పెట్టె తెచ్చి, పటం వెనక నుంచి పెన్‌డ్రైవ్ తీసి, సెట్టింగులన్నీ ఎక్కించాడు. డబ్బాలన్నీ లేచాయి. తెర మీద అన్నీ పచ్చ చుక్కలే, అంతా నడుస్తోందన్నట్టు. ఆ సాయంత్రమే పొయ్యి వెలిగించారు. బొడ్డమ్మ లోపల ట్రేలు తిరగేస్తోంది.

చీకటి పడింది. ధనుంజయ్ ఒక్కడే ఆఫీసు గదిలో ఉన్నాడు. అప్పుడు వినిపించింది…

దగ్గు.

మగవాడి దగ్గు. గొంతు చీరుకుపోతున్నట్టు.

తెర వైపు చూశాడు. పచ్చ చుక్కలే. తనంటే పడని పనివాళ్లెవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడు.

"ఎవడ్రా అది?"

దగ్గు ఆగింది. వేడి గది వైపు గోడకి అవతల నుంచి సన్నగా, పళ్లు నూరుతున్నట్టు ఒక మాట —

"పో… ఇటు రాకు… పో."

పారిపోదామని గేటు దాకా వెళ్లాడు. అప్పుడు గుర్తొచ్చింది, లోపల బొడ్డమ్మ ఉంది. భయంతో ఏడుస్తూనే వెనక్కి వచ్చానని చెప్పాడు. ఆ ఒక్కదానికి వాణ్ణి నేను క్షమించేశాను.

వేడి గది తలుపు లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది. భుజంతో గుద్దాడు… మళ్లీ గుద్దాడు… తెరుచుకుంది. కళ్లు కనబడని పొగ. ఫ్యాను తిరగడం లేదు. సైరన్ మోగడం లేదు. చేతులతో తడుముకుంటూ వెళ్లి, గోడకి ఆనుకుని పడి ఉన్న బొడ్డమ్మని బయటికి లాగాడు. మొహం మీద నీళ్లు చల్లాక కళ్లు తెరిచింది. చూపులో కృతజ్ఞత లేదు. కోపం ఉంది.

"ఎందుకు లాగినావు బాబూ?"

"నువ్వు దగ్గుతుంటే వినిపించి…"

"నాను దగ్గనేదు. ఆయన దగ్గినాడు. నా పక్కనే కూకున్నాడు. లెగబోతే సెయ్యట్టుకున్నాడు." గొంతు తగ్గించింది. "సైరన్ మోగదు, దసరా పూజకి ఆపీసినారు, ఇంక లెగకు… నాతో వొచ్చీ… అన్నాడు."

ధనుంజయ్ ఇంకా సెట్టింగులు తెరిచి చూడనే లేదు.

పరుగున వెళ్లి చూశాడు. ఫ్యాను — ఆఫ్. సైరన్ — ఆఫ్. పూజ వేళ ఎలా ఉన్నాయో బ్యాకప్ అలాగే దాచి, అలాగే తిరిగి తెచ్చింది. రెండూ ఆన్ చేశాడు. ఫ్యాక్టరీ దద్దరిల్లేలా సైరన్ మోగింది.

ఫోను. ఇంటి నుంచి జగదీశ్వరరావు.

"ఏటా గోల? ముందు దాన్ని ఆపీ అల్లుడూ. ఊరంతా లేచిపోతాది."

ఫోన్లో మావయ్య గొంతు వెనకాల… దగ్గరగా… ఎవరో దగ్గుతున్నారు.

"మావయ్యా… మీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కణ్ణే ఉన్నాను. ఏటి?"